నానోడ్రాప్‌లో 612 వచ్చింది, పీసీఆర్‌లో ఒక్క బ్యాండూ రాలేదు: బత్తాయి డీఎన్ఏ కొలతలో ఏం జరుగుతోంది?

ప్రశ్న: "నల్లగొండలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం బత్తాయి తోటల నుంచి ఆకులు తెచ్చి, వాటి ఈనెల నుంచి సీటాబ్ అనే డిటర్జెంట్ వాడే పద్ధతిలో డీఎన్ఏ తీశాను. గ్రీనింగ్ తెగులు బ్యాక్టీరియా ఉందో లేదో పీసీఆర్‌తో, అంటే వెతికే డీఎన్ఏ ముక్కకు లక్షల ప్రతులు తీసే పద్ధతితో, చూడాలి. డీఎన్ఏను కాంతితో కొలిచే నానోడ్రాప్ యంత్రంలో మైక్రోలీటరుకు 612 నానోగ్రాములు చూపించింది. 260/280 నిష్పత్తి 1.78, 260/230 మాత్రం 0.71. 1.8 దగ్గరే ఉంది కాబట్టి శుద్ధంగా ఉన్నట్టేనని ల్యాబ్‌లో అందరూ అంటున్నారు. జెల్ మీద 1 మైక్రోలీటరు వేస్తే పైన సన్నటి బ్యాండ్, కింద మబ్బులాగా వెలుగు కనిపించింది. పీసీఆర్‌లో రెండేసి మైక్రోలీటర్లు వేశాను. పన్నెండు శాంపిళ్ళలో ఒక్కదానికీ బ్యాండ్ రాలేదు. డీఎన్ఏ ఇంకా ఎక్కువ వేయాలా? రెండు వారాల్లో రిపోర్టు ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది."

సమాధానం:

చెల్లెమ్మా, ముందుగా అడిగినదానికి జవాబు చెప్తాను. డీఎన్ఏ ఇంకా ఎక్కువ వేయకండి, తక్కువ వేయండి. రేపు పొద్దున్నే ఆ పన్నెండింటిలో మూడు శాంపిళ్ళు తీసుకుని, ఒక్కోదాన్ని పదింతలు, యాభై ఇంతలు పలచన చేసి, పలచన చేయనిదాంతో పాటు పక్కపక్కనే పీసీఆర్ పెట్టండి. మీరు రాసిన అంకెలు చూస్తే డీఎన్ఏ చాలకపోవడం కారణమని నాకు అనిపించడం లేదు. డీఎన్ఏతో పాటు వచ్చిన వేరే పదార్థమేదో పాలిమరేజ్‌ను, అంటే పీసీఆర్‌లో ప్రతులు తీసే ఎంజైమును, పని చేయనివ్వడం లేదు. మీరు ఎంత ఎక్కువ వేస్తే అది కూడా అంత ఎక్కువ పడుతుంది.

ఇరవై ఏళ్ళకు పైగా మొక్కల డీఎన్ఏతోనే పని చేస్తున్నాను. పాలమూరు ఆముదం, మన పత్తి, బత్తాయి అన్నీ చేతుల మీదుగా పోయినవే. ఇన్నేళ్ళలో నేను ఎక్కువసార్లు చూసిన పొరపాటు ఈ 1.8ని సర్టిఫికెట్ లాగా తీసుకోవడం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

నానోడ్రాప్ డీఎన్ఏను గుర్తుపట్టదు. అది చూసేది కాంతిని మాత్రమే. మీరు పెట్టిన చుక్క గుండా అతినీలలోహిత కాంతి పంపి, 260 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతి మింగుడుపడిందో లెక్క చూస్తుంది. డీఎన్ఏలోని నాలుగు క్షారాలూ ఆ ప్రాంతంలో కాంతిని బాగా పీల్చుకుంటాయి. ఒక సెంటీమీటరు మందం ద్రావణంలో 260 దగ్గర అబ్సార్బెన్స్ (కాంతిని పీల్చుకున్న కొలత) 1 ఉంటే, రెండు పోగుల డీఎన్ఏ మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు ఉన్నట్టు లెక్క. ఆర్ఎన్ఏ అయితే 40, ఒంటి పోగు డీఎన్ఏ అయితే 33. నానోడ్రాప్‌లో కాంతి దాటే మందం ఒక మిల్లీమీటరు, లేదా ఇంకా తక్కువ. తెరమీద మాత్రం సెంటీమీటరుకు లెక్కగట్టి చూపిస్తుంది. అంటే మీ 612 అనేది యంత్రం డీఎన్ఏను తూచి చెప్పిన బరువు కాదు. 12.24 అనే అబ్సార్బెన్స్‌ను 50తో గుణిస్తే వచ్చిన లెక్క. ఆ గుణకారం వెనుక ఒక నమ్మకం ఉంది: 260 దగ్గర కాంతిని పీల్చినదంతా రెండు పోగుల డీఎన్ఏయే అని. మీ ట్యూబులో ఆ నమ్మకం నిలబడటం లేదు.

మీ అంకెలనే మళ్ళీ పరిచి చూద్దాం. 260 దగ్గర 12.24. నిష్పత్తి 1.78 కాబట్టి 280 దగ్గర దాదాపు 6.9. 260/230 నిష్పత్తి 0.71 కాబట్టి 230 దగ్గర 17.2. ఇప్పుడు ఆలోచించండి. శుభ్రమైన డీఎన్ఏకు 260/230 నిష్పత్తి 2.0 నుంచి 2.2 మధ్య ఉంటుంది. అంటే మీ 12.24 మొత్తం స్వచ్ఛమైన డీఎన్ఏయే అయ్యుంటే 230 దగ్గర ఆరు చుట్టుపక్కల ఉండాలి. పదిహేడు ఉంది. ఆ అదనపు పదకొండు ఎక్కడి నుంచి వచ్చింది? డీఎన్ఏ నుంచైతే కాదు. పైగా 230 దగ్గర అంత కాంతిని పీల్చే పదార్థం 260 దగ్గరికి వచ్చేసరికి ఠక్కున ఆగిపోదు. దాని తోక 260 మీద కూడా పడుతుంది. కాబట్టి మీ 12.24లో కూడా కొంత వాటా దానిదే.

230 దగ్గర ఎక్కువగా పీల్చేవి ఏమిటంటే, ఫినాల్, ఫినాలిక్ పదార్థాలు, ఆకుల్లోంచి వచ్చే చక్కెర జిగురు, బఫర్లలో కలిపే ఈడీటీఏ, కిట్లు వాడితే వాటిలోని గ్వానిడిన్ థయోసయనేట్. మీరు కిట్ వాడలేదు, సీటాబ్ వాడారు. బత్తాయి ఆకులో జిగురు, ఫినాలిక్ పదార్థాలు, ఫ్లేవనాయిడ్లు అన్నీ దండిగా ఉంటాయి. కాబట్టి నా అనుమానం మొదట వాటి మీదే.

ఇక 1.8 సంగతి. ఈ నిష్పత్తికి ఒక చరిత్ర ఉంది, అది తెలిస్తే దాని మీద పెట్టాల్సిన నమ్మకం ఎంతో అర్థమవుతుంది. 1942లో జర్మనీలో ఓటో వార్‌బర్గ్, వాల్టర్ క్రిస్టియన్ అనే ఇద్దరు ఎనోలేజ్ అనే ఎంజైమును శుద్ధి చేస్తున్నారు. తమ ప్రోటీన్‌లో కేంద్రకామ్లం ఎంత కలిసిపోయిందో తెలుసుకోవడానికి 280, 260 దగ్గర కొలతలు పోల్చి చూశారు. అంటే ఇది పుట్టింది ప్రోటీన్‌లో ఉన్న డీఎన్ఏ, ఆర్ఎన్ఏలను పట్టుకోవడానికి. ఆ పనికి ఇది చాలా పదునైనది. మనం దాన్ని తిరగేసి డీఎన్ఏలో ఉన్న ప్రోటీన్‌ను పట్టుకోవడానికి వాడుతున్నాం. ఆ వైపు అది మొద్దు కత్తి.

ఎంత మొద్దో చిన్న లెక్కతో చూపిస్తాను. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము డీఎన్ఏ ఉంటే 260 దగ్గర అబ్సార్బెన్స్ 20. నిష్పత్తి 1.85 అనుకుంటే 280 దగ్గర 10.8. ఇప్పుడు అందులో అంతే బరువు, అంటే ఇంకో మిల్లీగ్రాము, బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే ప్రోటీన్) కలిపామనుకోండి. ఆ ప్రోటీన్ 280 దగ్గర సుమారు 0.67, 260 దగ్గర 0.4 మాత్రమే పీలుస్తుంది. రెండూ కూడితే 20.4 బై 11.5. నిష్పత్తి 1.77. ట్యూబులో సగానికి సగం ప్రోటీన్ ఉన్నా నిష్పత్తి 1.85 నుంచి 1.77కి దిగింది, అంతే. మీది 1.78. నేను మీ ట్యూబులో సగం ప్రోటీన్ ఉందని అనడం లేదు. 1.78 చూసి "శుద్ధం" అని చెప్పే హక్కు ఎవరికీ లేదని మాత్రం అంటున్నాను. నిష్పత్తి 1.5కి పడిపోతే తప్పకుండా ఏదో తేడా ఉన్నట్టే. 1.8 వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు.

ఇంకో మాట. డీఎన్ఏకు 2.0 వస్తే "ఇంకా శుద్ధం" అని సంతోషపడేవాళ్ళు ఉంటారు. ఆర్ఎన్ఏ నిష్పత్తి 2.0 దగ్గర ఉంటుంది. డీఎన్ఏ శాంపిల్‌లో 2.0 కనిపిస్తే అందులో ఆర్ఎన్ఏ నిండుగా ఉందేమో చూడాలి. మీ శాంపిల్‌లో ఆర్ఎన్ఏ నిష్పత్తిని పైకి లాగుతుంటే, ఫినాలిక్ పదార్థాలు కిందికి లాగుతుంటే, రెండూ కలిసి చక్కగా 1.78 దగ్గర ఆగి ఉండొచ్చు. రెండు తప్పులు కలిసి ఒక మంచి అంకె ఇచ్చాయన్నమాట.

అందుకే నేను విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేది, అంకె కంటే ముందు గీత చూడమని. నానోడ్రాప్ తెరమీద 220 నుంచి 350 వరకు ఒక కర్వ్ వస్తుంది కదా, అందరూ దాన్ని వదిలేసి పక్కనున్న అంకె రాసుకుని పోతారు. నల్లగొండలో పుట్టి పెరిగినవాళ్ళకు గుట్ట ఆకారం కొత్త కాదు. శుభ్రమైన డీఎన్ఏ గీత ఒక గుట్టలా ఉంటుంది. 220 దగ్గర ఎత్తు నుంచి దిగి, 230 దగ్గర పల్లం. అక్కడి నుంచి ఎక్కి 260 దగ్గర శిఖరం. మళ్ళీ నున్నగా దిగి 300 దాటాక చదును నేల, 320కి వచ్చేసరికి సున్నా. మీ గీతలో 230 దగ్గర పల్లం ఉండదు, నేను చూడకుండానే చెప్పగలను. 220 నుంచి ఏటవాలుగా జారుతూ వస్తుంది, 260 దగ్గర శిఖరానికి బదులు చిన్న భుజం లాంటిది ఉంటుంది. శిఖరం 270 వైపు జరిగి ఉంటే ఫినాల్ మిగిలిందని అర్థం. 320 దగ్గర గీత సున్నాకు దిగకపోతే ద్రావణం మసకగా ఉందని, లేదా చుక్కలో బుడగ ఉందని, లేదా జిగురు కరగకుండా తేలుతోందని అర్థం. అప్పుడు 260 అంకెను అసలు నమ్మొద్దు. ఆ గీతను సేవ్ చేసి రిపోర్టులో పెట్టండి. పది వాక్యాలు చెప్పలేనిది ఆ ఒక్క బొమ్మ చెప్తుంది.

ఈ పాఠం నాకు తేలిగ్గా రాలేదు. చాలా ఏళ్ళ కింద పత్తి ఆకుల నుంచి నలభై ఎనిమిది శాంపిళ్ళు తీశాం. రీడింగులన్నీ ఎనిమిది వందలు, తొమ్మిది వందలు. నిష్పత్తులు 1.7, 1.8. నోటుబుక్కులో అంకెలు రాసుకున్నాను, గీతలు దాచలేదు. రెస్ట్రిక్షన్ ఎంజైముతో కోయడానికి పెడితే సగం శాంపిళ్ళు కోత పడలేదు. ఎంజైము పాడైందనుకుని కొత్తది తెప్పించాం. అదీ అంతే. రెండు వారాలు పోయాక పాత ట్యూబులు వెలుతురులో పట్టి చూస్తే, కోత పడని వాటన్నిటిలో ద్రావణం లేత గోధుమ రంగులో ఉంది. ఆకు నూరేటప్పుడు ఫినాలిక్ పదార్థాలు గాలి తగిలి ఆక్సీకరణ చెంది డీఎన్ఏకు అతుక్కుంటే ఆ రంగు వస్తుంది. మొదటి రోజే కళ్ళకు కనబడుతున్నదాన్ని అంకె మీద నమ్మకంతో చూడలేదు. మీరు ఇప్పుడే లేచి వెళ్ళి మీ ట్యూబులను తెల్ల కాగితం ముందు పెట్టి చూడండి. నీళ్ళలా ఉన్నాయా, పసుపో గోధుమో ఉందా? టిప్పుతో లాగితే నీళ్ళలా వస్తుందా, తీగలా సాగుతుందా? ఈ రెండు విషయాలు ఏ యంత్రమూ చెప్పదు.

ఇప్పుడు మీ జెల్ దగ్గరికి వద్దాం. మీరే చూశారు, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 1 మైక్రోలీటరులో నిజంగా 612 నానోగ్రాములు ఉంటే పైన బ్యాండ్ సన్నగా ఉండదు, లావుగా మెరిసిపోతుంది. కింద మబ్బులా కనిపించింది ఆర్ఎన్ఏ. అది కూడా 260 దగ్గర పీలుస్తుంది, మీ 612లో దానికీ వాటా ఉంది. అసలు డీఎన్ఏ ఎంతో తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రం అవసరం లేదు. 0.8 శాతం అగరోజ్ జెల్ పోసి, తెలిసిన కొలతల్లో లాంబ్డా డీఎన్ఏ (లాంబ్డా అనే వైరస్ డీఎన్ఏ) 50, 100, 200 నానోగ్రాములు మూడు బావుల్లో వేయండి. పక్క బావుల్లో మీ శాంపిల్ ఒక్కో మైక్రోలీటరు. పై బ్యాండ్ వెలుగు ఏ లాంబ్డాకు దగ్గరగా ఉందో చూడండి. లాంబ్డా 48,502 బేస్ జతల పొడవు, మీ జీనోమిక్ డీఎన్ఏ కూడా దాదాపు అక్కడే ఆగుతుంది కాబట్టి పోలిక సులువు. ఇది కంటి కొలతే. కానీ మీలాంటి శాంపిల్ విషయంలో నానోడ్రాప్ అంకె కంటే నేను దీన్నే నమ్ముతాను. మీరు రాసిన "సన్నటి బ్యాండ్"ను బట్టి అసలు డీఎన్ఏ వంద లోపే ఉంటుందని నా అంచనా.

మెరుపును బట్టి డీఎన్ఏను కొలిచే క్యూబిట్ అనే యంత్రం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో సీక్వెన్సింగ్‌కు పంపేటప్పుడు చాలాచోట్ల ఆ అంకెనే అడుగుతారు. అందులో ఒక రంగు పదార్థం రెండు పోగుల డీఎన్ఏకు అతుక్కున్నప్పుడే మెరుస్తుంది. ఆర్ఎన్ఏను, విడి న్యూక్లియోటైడ్లను, ఫినాల్‌ను దాదాపు లెక్కచేయదు. అందువల్ల పరిమాణం విషయంలో అది నిజానికి దగ్గరగా ఉంటుంది. కానీ శుద్ధి గురించి ఏమీ చెప్పదు. రెండూ చేయగలిగితే రెండూ చేయండి: నానోడ్రాప్ 612, క్యూబిట్ 80 అంటే ఆ రెండింటి మధ్య తేడాయే మీ కల్మషం ఎంతో చెప్తుంది. ఒక జాగ్రత్త. క్యూబిట్ మెరుపు వేడికి మారుతుంది. మన ఎండాకాలంలో కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో స్టాండర్డులు ఒక వేడిలో, శాంపిళ్ళు ఇంకో వేడిలో చదివితే అంకెలు తప్పుతాయి. ట్యూబులను చేతిలో పట్టుకుని కూర్చోవద్దు, రాక్‌లోనే ఉంచండి, అన్నీ ఒకేసారి ఒకే వేడిలో చదవండి.

బ్లాంక్, అంటే శాంపిల్ లేకుండా ముందుగా పెట్టే సున్నా కొలత, గురించి మీరు ఏమీ రాయలేదు. దేనితో పెట్టారు? డీఎన్ఏను టీఈ బఫర్‌లో కరిగించి, బ్లాంక్ నీళ్ళతో పెడితే, టీఈలోని ఈడీటీఏ 230 దగ్గర కాస్త పీలుస్తుంది కాబట్టి ఆ నిష్పత్తి తగ్గుతుంది. పలచని శాంపిళ్ళలో ఇది బాగా కనిపిస్తుంది. మీ 17 అంతటికీ అది కారణం కాలేదు గానీ, ఆ తప్పు కూడా ఉంటే సరిచేసుకోవాలి. ఏ బఫర్‌లో కరిగించారో అదే బఫర్‌తో, వీలైతే అదే సీసాలోదానితో బ్లాంక్ పెట్టండి. తర్వాత ఆ బఫర్‌నే మళ్ళీ శాంపిల్‌గా చదవండి. గీత సున్నా దగ్గర చదునుగా రావాలి. రాకపోతే పీఠం మీద పాత శాంపిల్ ఎండిపోయి ఉందని అర్థం, శుభ్రమైన నీళ్ళ చుక్క రెండు నిమిషాలు ఉంచి, పోగులు రాలని టిష్యూతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టండి.

నీళ్ళ గురించి నల్లగొండవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టుకున్నారు. తాగే నీళ్ళ విషయంలో అంత జాగ్రత్త ఉన్నవాళ్ళం, ల్యాబ్ నీళ్ళ దగ్గర "డిస్టిల్డే కదా" అని వదిలేస్తాం. బోరు నీళ్ళు పోసే డిస్టిల్లేషన్ యూనిట్‌లో గార పేరుకుపోయి ఉంటే దాన్నుంచి వచ్చే నీళ్ళను అనుమానించాలి. మంచి డిస్టిల్డ్ నీళ్ళయినా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి పీహెచ్ 5.5 దగ్గరికి దిగుతుంది. పీహెచ్ తగ్గితే 260/280 కూడా 0.2, 0.3 దాకా తగ్గుతుంది. అదే డీఎన్ఏ, అదే శుద్ధి, అంకె మాత్రం వేరు. అందుకే ఉత్త నీళ్ళలో కాకుండా పీహెచ్ 8 ఉన్న 10 మిల్లీమోలార్ ట్రిస్‌లో కరిగించి, దానితోనే బ్లాంక్ పెట్టి చదవమంటాను.

చిక్కటి జీనోమిక్ డీఎన్ఏ చదివేటప్పుడు ఒకే ట్యూబు నుంచి మూడు చుక్కలు తీసి చదవండి. 612, 340, 790 అని వస్తే యంత్రానిది తప్పు కాదు, డీఎన్ఏ ముద్దలా ఉంది, సమంగా కలవలేదు. 60 డిగ్రీల దగ్గర ఓ పది నిమిషాలు ఉంచి, చివర కత్తిరించిన టిప్పుతో మెల్లగా పైకీ కిందికీ కలిపి మళ్ళీ చదవండి. చుక్క పెట్టాక ఆలస్యం చేయవద్దు. ఒకటి రెండు మైక్రోలీటర్ల చుక్క మన ఎండలకు చూస్తుండగానే ఆరిపోయి చిక్కబడుతుంది. మీ దగ్గర నానోడ్రాప్ పాడైతే పాత యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ వాడొచ్చు గానీ, క్యూవెట్ క్వార్ట్జ్‌దే అయ్యుండాలి. మామూలు గాజు, సాధారణ ప్లాస్టిక్ ఆ కాంతిని అవే మింగేస్తాయి.

ఇప్పుడు చేతిలో ఉన్న పన్నెండు శాంపిళ్ళను బాగు చేసుకోవడం ఎలా? మళ్ళీ తోటకు పోయే సమయం లేదు కాబట్టి వీటినే కడుగుదాం. ముందు ఆర్ఎన్ఏను ముక్కలు చేసే ఆర్ఎన్ఏస్ ఏ ఎంజైము కలిపి 37 డిగ్రీల దగ్గర అరగంట. తర్వాత క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమం సమానంగా పోసి, మెల్లగా తిప్పి, సెంట్రిఫ్యూజ్ చేసి పై పొర మాత్రం తీసుకోండి. ఆశపడి మధ్య పొరను తాకవద్దు, కొంచెం డీఎన్ఏ పోయినా పర్వాలేదు. ఆ పై పొరకు సగం పరిమాణం 5 మోలార్ సోడియం క్లోరైడ్ కలిపి, తర్వాత రెండింతలు చల్లని ఇథనాల్ పోయండి. ఉప్పు ఎక్కువగా ఉంటే జిగురు ఇథనాల్‌లో కరిగే ఉండి, డీఎన్ఏ మాత్రమే కిందికి దిగుతుంది. ఇది మొక్కల డీఎన్ఏకు నేను చూసిన అన్నిటికంటే చవకైన, నమ్మకమైన కిటుకు. దీన్ని ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచితే ఉప్పు కూడా దిగిపోతుంది, ఫ్రిజ్‌లో కాసేపు చాలు. చివర 70 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడిగి, మూత తెరిచి బాగా ఆరనివ్వండి. ఇథనాల్ మిగిలితే నానోడ్రాప్ పట్టుకోలేదు, అది 260 దగ్గర పీల్చదు. కానీ పీసీఆర్‌ను చెడగొడుతుంది, జెల్ బావిలోంచి శాంపిల్‌ను పైకి తేలుస్తుంది.

వచ్చేసారి ఆకు నూరేటప్పుడే జాగ్రత్త పడితే ఇదంతా తప్పుతుంది. వంద మిల్లీగ్రాముల ఈనె చాలు. ఎక్కువ ఆకు వేస్తే ఎక్కువ డీఎన్ఏ వస్తుందనుకుంటాం గానీ, బఫర్ సామర్థ్యం దాటాక వచ్చేది జిగురే. సీటాబ్ బఫర్‌లో పీవీపీ ఒకటి రెండు శాతం, బీటా మెర్కాప్టోఇథనాల్ అప్పటికప్పుడు కలపండి, అవి ఫినాలిక్ పదార్థాలను డీఎన్ఏకు అతుక్కోకుండా ఆపుతాయి. సీటాబ్ ఉన్న దశలో చల్లని సెంట్రిఫ్యూజ్ వాడవద్దు. 15 డిగ్రీల కిందికి పోతే సీటాబ్ గడ్డకట్టి డీఎన్ఏతో పాటు దిగుతుంది. ద్రవ నత్రజని దొరకడం మన ఊళ్ళలో కష్టమే. పశువుల ఆసుపత్రుల్లో వీర్యం స్ట్రాలు దాచడానికి వాడేది అదే, మీ గైడ్ గారి ద్వారా అడిగి చూడండి. దొరకకపోతే 65 డిగ్రీల వేడి సీటాబ్ బఫర్ పోస్తూనే నూరేయండి. పొడిగా నూరి అలా పెట్టవద్దు.

ఒక ముఖ్యమైన విషయం మిగిలింది. మీ ట్యూబులో 612 ఉన్నా, 80 ఉన్నా, అది దాదాపు అంతా బత్తాయి చెట్టు డీఎన్ఏ. మీరు వెతుకుతున్న బ్యాక్టీరియాది కాదు. బత్తాయి జీనోమ్ సుమారు 367 మిలియన్ బేస్ జతలు, గ్రీనింగ్ బ్యాక్టీరియాది 1.23 మిలియన్లు. 10 నానోగ్రాముల చెట్టు డీఎన్ఏలో ఆ జీనోమ్ ప్రతులు పాతిక వేల దాకా ఉంటాయి, బ్యాక్టీరియావి ఎన్ని ఉంటాయో తెగులు తీవ్రతను బట్టి ఉంటుంది. పైగా ఆ బ్యాక్టీరియా చెట్టంతా సమంగా ఉండదు, ఒక కొమ్మలో ఉండి పక్క కొమ్మలో లేకపోవచ్చు. అందుకే పలచన చేయడం ఒక్కటే మందు కాదు. పలచన చేస్తే అడ్డుపడే పదార్థం తగ్గుతుంది, బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా తగ్గుతుంది. శుభ్రం చేసినదాన్నే పలచన చేసి, పలచన చేయకుండా, రెండు రకాలుగా పెట్టాలి.

బ్యాండ్ రాకపోతే తెగులు లేదని రాయడానికి కూడా ఒక షరతు ఉంది. అదే డీఎన్ఏతో చెట్టు సొంత జన్యువు ఒకదానికి, ఉదాహరణకు ఆర్‌బీసీఎల్‌కు, పీసీఆర్ పెట్టండి. దానికి కూడా బ్యాండ్ రాకపోతే మీ పీసీఆర్ అసలు పనిచేయనే లేదు, తెగులు ఉందో లేదో ఆ జెల్ చెప్పలేదు. చెట్టు బ్యాండ్ వచ్చి, బ్యాక్టీరియా బ్యాండ్ రాకపోతే అప్పుడు "ఈ కొమ్మలో కనబడలేదు" అని రాయొచ్చు. తెలిసిన పాజిటివ్ డీఎన్ఏ మీ దగ్గర ఉంటే, దాన్ని ఒక ట్యూబులో ఒంటరిగా, ఇంకో ట్యూబులో మీ శాంపిల్ ఒక మైక్రోలీటరు కలిపి పెట్టండి. ఒంటరిగా వచ్చిన బ్యాండ్ మీ శాంపిల్ కలిపితే మాయమైతే దొంగ దొరికినట్టే. ఆ తోటల రైతులు ఏ చెట్టు తీసేయాలో, ఏది ఉంచాలో మీ జెల్‌ను బట్టి అడిగే రోజు రావొచ్చు. అందుకే ఈ కంట్రోళ్ళు వదిలేయకండి.

రెండు వారాలు చాలు, కంగారు పడకండి. రేపు పలచన చేసిన పీసీఆర్, లాంబ్డా జెల్. ఎల్లుండి ఆర్ఎన్ఏస్, క్లోరోఫాం, ఉప్పు. ఆ తర్వాత మళ్ళీ నానోడ్రాప్. అంకె 612 నుంచి 70కో 90కో పడిపోతుంది, చూసి గుండె జారనివ్వకండి. 260/230 రెండు దగ్గరికి వచ్చి, 230 దగ్గర పల్లం కనబడితే ఆ తక్కువ అంకే మీ అసలు డీఎన్ఏ. కడగకముందు గీత, కడిగిన తర్వాత గీత, లాంబ్డా జెల్ ఫొటో మూడూ పెట్టండి. బ్లాంక్ దేనితో పెట్టారో కూడా రాయండి, చూసి చెప్తాను.